నిలబడి నీళ్ళు త్రాగిన పది రోజులు

పరుగెత్తి పాలు త్రాగడం కంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలని మన పెద్దలు చెప్పినారు. సంపాదన విషయంలోను, చదువు విషయంలోను ఈ మాటను మనం తరచుగా ఉదాహరిస్తూ ఉంటాము. కాని ప్రయాణాల విషయంలో మాత్రం దీనిని మరచిపోవడం లోకంలో పరిపాటి అయినది. ఎన్ని ఊళ్ళు చూసివచ్చినారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకొనుటకే చాలామంది ప్రయాణం చేస్తున్నారా అని కూడ ఒక్కొక్కసారి సందేహం కలుగుతుంది.

తెలుగువారిలో యాత్రను ఒక పద్ధతి ప్రకారం సాగించి, దానిని పద్ధతిగా వ్రాసిపెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, రాయలసీమ మీదుగా, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. ఎక్కడ మజిలీ చేయవచ్చునో, ఏ ఊరిలో ఏ సరుకు దొరకునో, ఏ దారి కఠినమైనదో తమ తరువాత వచ్చువారి కొరకు వారు వ్రాసి ఉంచినారు. వారి చేతిలో పదిహేను మాసాల కాలమున్నది. నేటి మన వంటి ఉద్యోగస్థుల చేతిలో ఉన్నది పది రోజులు. కాలం తక్కువైన కొద్దీ ఆలోచన ఎక్కువ కావలెనని ఈ వ్యాసం ద్వారా మనవి చేయదలచినాను.

మన కళాశాల విద్యార్థులలో కొందరు ఉన్నత విద్య కొరకు ఐరోపా దేశాలకు వెళ్ళుచున్నారు. వారి వెనుక వారి తల్లిదండ్రులు ఒక్కసారి ఆ ఖండాన్ని చూసిరావలెనని కోరుకొనుట సహజం. 2024 దసరా సెలవులలో మా అక్కయ్యను, బావగారిని వెంటబెట్టుకొని నేను చేసిన మొదటి ఐరోపా యాత్ర అటువంటి వారికి ఉపకరించవచ్చునన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అక్కయ్య జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినది. ఫ్రెంచి విప్లవాన్ని, సాంస్కృతిక పునరుజ్జీవనాన్ని, రోమను సామ్రాజ్యాన్ని ఆమె ఏటేటా నల్లబల్లపై పటాలు గీసి పిల్లలకు చెప్పినది. వాటిలో ఒక్క స్థలమైనను ఆమె కన్నులతో చూసినది కాదు. బావగారు నీటిపారుదల శాఖలో పనిచేసి, కె.సి. కాలువ గట్ల మీద సగం జీవితం గడిపిన ఇంజనీరు. ఇద్దరూ అరవై దాటినవారే. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పి. నడవవచ్చును గాని అరగంటకొకసారి కూర్చుండవలెనని వైద్యుడు చెప్పినాడు. ఖర్చుకు కేటాయించినది ఆమె విరమణ సమయంలో వచ్చిన సొమ్ములో పిల్లల పెండ్లిళ్ళు పోగా మిగిలిన భాగం. మరల ఇటువంటి ప్రయాణం చేయగలమన్న ఆశ వారిద్దరికీ లేదు.

ఈ చివరి మాటయే మా ఇంట్లో పెద్ద చర్చకు కారణమైనది. బావగారు ఒక కాగితంపై తొమ్మిది ఊళ్ళ పేర్లు వ్రాసి తెచ్చినారు. లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, లూసెర్న్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. “జీవితంలో ఒక్కసారి పోతున్నాము గదా, అన్నీ చూసిరావలె. అంతదూరం పోయి స్విట్జర్లాండు చూడలేదంటే ఊళ్ళో నవ్వరా?” అని వారి వాదం. అక్కయ్య వాదం దీనికి సరిగా వ్యతిరేకం. “ఒక్కసారే పోతున్నాము కాబట్టే చూసినదేదో బాగా చూడవలె. తరగతిలో పది పాఠాలు పరుగులు తీయించితే పిల్లవానికి ఏమి మిగులుతుంది? నాకు అదే మిగులుతుంది” అన్నది. ఒకే కారణం నుండి ఇద్దరూ రెండు నిర్ణయాలకు వచ్చినారు. తీర్పు చెప్పే భారం నాపై పడినది.

నేను తీర్పు చెప్పలేదు. లెక్క మాత్రం వేసి చూపినాను. ఒక ఊరి నుండి మరొక ఊరికి మారవలెనన్న పెట్టె సర్దుకొని హోటలు గది ఖాళీ చేయవలె. స్టేషనుకు చేరవలె. రైలులో ప్రయాణించవలె. కొత్త ఊరిలో దారి వెదకి హోటలు పట్టుకొనవలె. అక్కడ చాలా హోటళ్ళలో మధ్యాహ్నం రెండు మూడు గంటలు దాటనిదే గది చేతికి ఇవ్వరు. రైలు ఎంత వేగంగా పరుగెత్తినను, ఈ మార్పునకు తక్కువలో తక్కువ సగం రోజు ఖర్చగును. తొమ్మిది ఊళ్ళకు ఎనిమిది మార్పులు, అనగా నాలుగు రోజులు. మొదట దిగిన రోజున, చివర ఎక్కే రోజున కలిపి మరొక రోజు పోవును. పదిలో ఐదు పోగా మిగిలినవి ఐదు రోజులు. ఐదు రోజులను తొమ్మిది ఊళ్ళకు పంచితే ఊరికి సగం రోజు కంటె కొంచెం ఎక్కువ. అదే మూడు ఊళ్ళయితే మార్పులు రెండే, వాటికి పోవునది ఒక్క రోజు. రాకపోకల రోజు కూడ తీసివేసినను ఎనిమిది రోజులు మనవే. ఇంజనీరైన బావగారు ఈ లెక్కను రెండుసార్లు తిరగవేసి చూసి, “ప్రవాహమంతా కాలువలోనే ఇంకిపోతున్నది. పొలానికి నీరు చేరడం లేదు” అన్నారు. ఆ మాటతో తొమ్మిది ఊళ్ళ కాగితం మడతపడినది.

ఇక ఏ మూడు ఊళ్ళన్నది ప్రశ్న. దీనికి అక్కయ్య తన ఉపాధ్యాయ ధోరణిలో ఒక నియమం పెట్టినది. ప్రతి ఊరి పేరు ఎదుట, సముద్రాలు దాటి అక్కడికి ఎందుకు పోవలెనో ఒక్క వాక్యంలో వ్రాయవలె. వ్రాయలేనివారు ఆ ఊరిని కొట్టివేయవలె. బావగారు స్విట్జర్లాండు ఎదుట “అందరూ చూస్తారు కనుక” అని వ్రాసి, ఆ వాక్యాన్ని తామే చదువుకొని నవ్వి, తామే కొట్టివేసినారు. లండన్ విషయంలో మరొక చిక్కు కూడ ఉన్నది. బ్రిటన్‌కు వేరుగా వీసా తీసుకొనవలె. పది రోజుల ప్రయాణానికి రెండు వీసాల శ్రమ, రెండు రుసుముల ఖర్చు తగదని అది కూడ పోయినది.

రోమ్ ఎదుట అక్కయ్య వ్రాసిన వాక్యం నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నది. ఆమె విహారయాత్రలకు పిల్లలను హైదరాబాదు తీసుకొని వెళ్ళినప్పుడెల్ల సాలార్‌జంగ్ మ్యూజియంలో ‘మేలిముసుగు రెబెకా’ విగ్రహం ముందు నిలబెట్టేది. పాలరాతిలో పలుచని బట్టను చెక్కిన ఆ శిల్పి జొవాన్ని మారియా బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా యాత్ర చేసినప్పుడు రోమ్‌లో దానిని కొన్నారు. “ఆ రాయిని చెక్కిన ఊరు ఎట్లుంటుందో చూడవలె” అని ఆమె వ్రాసినది. ఫ్లోరెన్స్ ఎదుట పునరుజ్జీవనమన్న ఒక్క పదం వ్రాసి, ఇక వాక్యం అక్కరలేదన్నది. పారిస్ ఎదుట “1789 జూలై 14” అని తేదీ మాత్రం వేసినది.

వెనిస్ దగ్గర మాత్రం ఆమె కలం చాలాసేపు ఆగినది. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవును గూర్చి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని గూర్చి తన గ్రంథంలో చెప్పిన మార్కో పోలో ఆ ఊరివాడు. రుద్రమదేవి పాఠం చెప్పిన ప్రతి సంవత్సరం ఆ పేరు ఆమె నోట వచ్చేది. వాక్యం వ్రాయలేక కాదు, వ్రాసిన తరువాత కూడ కొట్టివేయవలసి వచ్చినందుకు ఆమె బాధపడినది. ఫ్లోరెన్స్ నుండి వెనిస్‌కు రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. “ఉదయం పోయి రాత్రికి వద్దాము” అని బావగారు ఆమెపై గల అభిమానంతో అన్నారు. “పోను రాను ఐదు గంటలు కూర్చుని, మిగిలిన పూట ఈ కాళ్ళతో వంతెనలు ఎక్కి దిగి, ఏమి చూసినానని చెప్పుకోను? వద్దు లెండి” అని ఆమెయే ఆ పేరుపై గీత గీసినది. ప్రణాళిక అన్నది ఇటువంటి గీతల వలననే తయారగును. అక్కరలేనివి వదలుకొనుటలో గొప్ప లేదు. కావలసినదానిని కూడ వదలుకొనవలసి వచ్చునప్పుడే ప్రణాళిక విలువ తెలియును.

ఊళ్ళు తేలిన పిదప దారి తేల్చుకొనవలె. మొదటిసారి వెళ్ళువారు సాధారణంగా ఏ ఊరిలో దిగినారో ఆ ఊరి నుండే తిరుగు విమానం ఎక్కునట్లు టిక్కెట్టు కొందురు. దీనివలన చివరిలో వెనుకకు మరలిరావలసి, ఒక రోజు వృథా అగును. ఒక ఊరిలో దిగి మరొక ఊరి నుండి బయలుదేరు టిక్కెట్టును అవే విమాన సంస్థలు అమ్ముచున్నవి. మేము హైదరాబాదు నుండి గల్ఫ్ మీదుగా రోమ్‌లో దిగి, పారిస్ నుండి తిరిగి ఎక్కునట్లు తీసుకొన్నాము. రోమ్ నుండి ఫ్లోరెన్స్‌కు వేగంగా పోవు రైలులో గంటన్నర. ఫ్లోరెన్స్ నుండి పారిస్‌కు రెండు గంటల లోపు విమాన ప్రయాణం. రోమ్‌లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, పారిస్‌లో నాలుగు. మొత్తం పది.

ఈ రాత్రుల లెక్క వీసాకు కూడ ముఖ్యమైనది. 1985 జూన్ 14న లక్సెంబర్గు దేశంలో షెంగెన్ అను చిన్న గ్రామం వద్ద, మోసెల్ నదిపై నిలిచిన ఒక నౌకలో ఐదు దేశాలవారు ఒక ఒప్పందంపై సంతకాలు చేసినారు. తమ మధ్య గల సరిహద్దులలో తనిఖీలను తొలగించుకొనుట దాని ఉద్దేశం. ఆ ఏర్పాటులో నేడు 29 దేశాలు ఉన్నవి. ఒక్క వీసాతో వాటన్నింటిలోను తిరుగవచ్చును. ఏ 180 రోజుల కాలం తీసుకొన్నను అందులో 90 రోజులకు మించి ఉండరాదు. అయితే దరఖాస్తు ఏ దేశానికి చేయవలెనన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఉండు దేశానికే చేయవలె. రోజులు సమానమైనచో మొదట అడుగుపెట్టు దేశానికి చేయవలె. మాకు ఇటలీలో ఆరు రాత్రులు, ఫ్రాన్సులో నాలుగు కనుక ఇటలీకి దరఖాస్తు చేసినాము. అనగా వీసా కాగితాలు నింపుటకు ముందే ఏ ఊరిలో ఎన్ని రాత్రులో నిర్ణయించుకొని ఉండవలె.

ప్రయాణానికి ఆరు మాసాల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. పదిహేను రోజుల లోపు అయితే స్వీకరించరు. సెలవుల కాలంలో దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చుటకు తేదీ దొరకుటయే కష్టం గనుక మూడు నాలుగు మాసాల ముందే పూనుకొనుట మంచిది. పాస్‌పోర్టు గడువు మనం తిరిగి వచ్చు తేదీకి మూడు మాసాలు మించి ఉండవలె. అది గడచిన పదేండ్లలో జారీ అయినదై ఉండవలె. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించు బీమా పత్రం తప్పనిసరి. పెద్దవారికి రుసుము 90 యూరోలు. వీసా నిరాకరించినను అది తిరిగి రాదు. ఆనాడు ఒక యూరో విలువ 90 రూపాయలు దాటి ఉన్నది కనుక ఇది చిన్న మొత్తమేమీ కాదు. అందుచేత వీసా చేతికి వచ్చువరకు, రద్దు చేసికొన్న సొమ్ము తిరిగి వచ్చు పద్ధతిలోనే హోటలు గదులు తీసుకొనవలె. మేము వెళ్ళివచ్చిన పిదప, 2025 అక్టోబరు 12 నుండి, పాస్‌పోర్టుపై ముద్ర వేయుటకు బదులు సరిహద్దులో ముఖచిత్రం, వేలిముద్రలు నమోదు చేయు కొత్త పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఇకపై వెళ్ళువారు దిగిన చోట కొంత ఎక్కువ సమయం పట్టునని తలచి ఏర్పాట్లు చేసికొనవలె.

తరువాతి మెట్టు వారాలను చూచుకొనుట. ఇది చిన్న విషయంగా కనిపించును గాని, పది రోజులవారికి ప్రాణప్రదమైనది. వాటికన్ మ్యూజియములకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రమే తెరుతురు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజి చిత్రశాలకు, మైకెలాంజిలో చెక్కిన దావీదు విగ్రహమున్న అకాడెమియాకు సోమవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్‌కు మంగళవారం సెలవైతే, ఓర్సే మ్యూజియమునకు సోమవారం సెలవు. మేము గురువారం రోమ్‌లో దిగునట్లు ఎంచుకొన్నాము. శుక్రవారం కొలోసియం, శనివారం వాటికన్, సెలవైన ఆదివారం ఫ్లోరెన్స్‌కు రైలు. మంగళవారం ఉఫీజి, బుధవారం పారిస్‌కు ప్రయాణం. సెలవు రోజు ప్రయాణానికి, తెరిచిన రోజు దర్శనానికి. ఈ కూర్పునకు గోడకు వ్రేలాడు క్యాలెండరు, ఒక పెన్సిలు తప్ప మరేమీ అక్కరలేదు. కొలోసియమునకు టిక్కెట్టుపై మన పేరు, ప్రవేశించవలసిన వేళ అచ్చువేసి ఇత్తురు. లూవ్ర్ మొదలైనవాటికి కూడ వేళ ముందుగా నిర్ణయించుకొనుట మేలు. అక్కయ్య వంటివారికి ఎండలో రెండు గంటలు వరుసలో నిలబడుట కంటె ఇంటి దగ్గర పది నిమిషాలు కూర్చుని టిక్కెట్టు తీసుకొనుట ఎంతో సుఖం.

సామాను విషయంలో అక్కయ్యకు నాకు చిన్న తగవు వచ్చినది. చారుపొడి, వేరుశనగ పొడి సంచిలో పెట్టి, వాటి నడుమ నేతి సీసా కూడ దాచినది. బయటి దేశాల నుండి మాంసం గాని, పాలతో చేసినవి గాని తీసుకొని రారాదని ఐరోపా సమాఖ్య నియమం. “నెయ్యి లేని పొడి ఎట్లు దిగుతుందిరా?” అని ఆమె అన్నది గాని, చివరకు నేతి సీసా ఇంట్లోనే ఉండిపోయినది. అక్కడి ఆలివు నూనె ఆ లోటు కొంతవరకు తీర్చినదని ఆమెయే తరువాత ఒప్పుకొన్నది.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటున్నది. ప్రతి ఊరిలో ఒక పూటను ఏమీ వ్రాయకుండా ఖాళీగా వదలవలె. ప్రణాళిక కాగితంలో ఆ మూడు ఖాళీలను చూసి బావగారు, “ఇంత డబ్బు పోసి ఊరక కూర్చుంటామా?” అన్నారు. మా ప్రయాణంలో వారికి దక్కిన ఉత్తమమైన పూట ఆ ఖాళీలోనే దక్కినది.

రోమ్‌లో మాకు మొదట ఆశ్చర్యం కలిగించినవి వీథి కుళాయిలు. ఇనుముతో పోతపోసిన ఆ కుళాయిల ముక్కు వంటి గొట్టం నుండి చల్లని మంచినీరు పగలు రాత్రి ధారగా పడుతూ ఉండును. 1870 దశకం నుండి ఉన్న ఈ ఏర్పాటులో వేలకొలది కుళాయిలు ఊరంతట నేటికీ పనిచేయుచున్నవి. మొదటి కుళాయి దగ్గర బావగారు దోసిలి పట్టి త్రాగి, అక్కడే నిలబడిపోయినారు. “ఈ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో చూడవలె” అన్నారు. శనివారం వాటికన్ చూసిన తరువాతి పూట ఖాళీ గనుక, ఊరి అంచున గల పురాతన జలసేతువుల ఉద్యానానికి పోయినాము. క్రీస్తు శకం 52లో పూర్తి అయిన క్లాడియన్ జలసేతువు కమానులు పచ్చిక బయలులో వరుసగా నిలిచి ఉన్నవి. పంపులు లేని కాలంలో, అతి స్వల్పమైన వాలుతో, కొండల నుండి నగరానికి నీటిని తెచ్చిన నిర్మాణమది. కాలువ వాలు ఎంత ఉండవలెనని జీవితమంతా తగవులాడిన మా బావగారు ఆ కమానుల క్రింద పసిపిల్లవానివలె తిరిగినారు. అక్కయ్య ఒక రాతిపై కూర్చుని మోకాళ్ళు పట్టుకొంటూ ఆయనను చూచుచుండినది. స్విట్జర్లాండు పేరు ఆ తరువాత వారి నోట రాలేదు.

ఫ్లోరెన్స్‌లో సోమవారం చిత్రశాలలకు సెలవు గనుక ఆ పూటను అక్కయ్య కాళ్ళకు విశ్రాంతిగా ఏర్పాటు చేసినాము. బ్రునెలెస్కి 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తిచేసిన మహాగోపురం పైకి ఎక్కుటకు 463 మెట్లు, లిఫ్టు లేదు. ఎక్కవలెనన్న కోరికను ముందే కాగితంపైననే వదలుకొన్నాము. గోపురం ఎదుట అరుగుపై కూర్చుని, దానిని క్రింద నుండి చూస్తూ, అక్కయ్య నాకు ఒక పూర్తి పాఠం చెప్పినది. పిమ్మట నగర చతురస్రంలో దావీదు విగ్రహపు నకలును చూసినాము. మరునాడు ఉఫీజిలో ఆమె అన్ని గదులూ తిరుగలేదు. ఆరు చిత్రాల పేర్లు వ్రాసుకొని వచ్చి, వాటి ముందే చాలాసేపు నిలిచినది. ప్రక్క నుండి జనం వడివడిగా సాగిపోతున్నను ఆమె కదలలేదు.

పారిస్‌లో చివరి రోజు ఖాళీ. అది శనివారం, ఆనాడు మన ఊళ్ళలో విజయదశమి. అప్పటికి లూవ్ర్ చూసినాము. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదానికి గురియైన నోత్ర్ దామ్ ఆలయం మేము వెళ్ళునాటికి మరమ్మతులలోనే ఉన్నందున బయట నుండి చూసి తృప్తిపడినాము. 2024 డిసెంబరులో అది తిరిగి తెరువబడినది. ఇక మిగిలినది అక్కయ్య కాగితంపై వ్రాసిన తేదీ.

బాస్టిల్లు కోట నేడు లేదు. ఆ సంగతి ఆమెకు తెలియును. 1789 జూలై 14న ప్రజలు దానిపై పడునప్పటికి అందులో ఉన్న ఖైదీలు ఏడుగురే అనియు, పిమ్మట కోటను నేలమట్టం చేసినారనియు ఆమె ఎందరో పిల్లలకు చెప్పినది. ఆ చోట ఇప్పుడున్నది వాహనాలు చుట్టు తిరుగు ఒక పెద్ద కూడలి, నడుమ ఒక ఎత్తైన స్తంభం. ఆ స్తంభం కూడ 1789కి కాక 1830 నాటి విప్లవానికి జ్ఞాపకచిహ్నం. తొందరలో వచ్చినవారు స్తంభాన్నే ఫోటో తీసుకొని పోవుదురు. మాకు తొందర లేదు. నేలపై ఒక చోట వేరు రంగు రాళ్ళు వరుసగా పరచి ఉండుట అక్కయ్య కంటబడినది. అది ఒకనాటి కోట గోడలు ఉన్న గీత. ఆమె చేతికర్ర ఊతగా ఆ గీత వెంబడి మెల్లగా నడిచినది. బావగారు వెనుక నడుస్తూ గోడ మందం అడుగులతో కొలిచినారు. 1905లో భూగర్భ రైలుమార్గం త్రవ్వునప్పుడు బయటపడిన కోట గోడ భాగాన్ని క్రింద స్టేషనులో ఐదవ మార్గపు ప్లాట్‌ఫారంపై నేటికీ చూడవచ్చును. అక్కడి బల్లపై కూర్చుని మూడు రైళ్ళు పోనిచ్చినాము. కూల్చిన రాళ్ళను సీన్ నదిపై కాన్‌కార్డ్ వంతెన నిర్మాణంలో వాడినారని చెప్పగా, “నిన్న మనం నడిచినది ఆ వంతెన మీదనే గదా?” అని అక్కయ్య అడిగినది. అవునన్నాను.

“ముప్పై ఒక్క సంవత్సరాలు బాస్టిల్లు పడిపోయినదని చెప్పినాను. పడిపోవడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసినది. ఏమీ మిగలలేదు, నేల మీద గీత తప్ప. జనం దాని రాళ్ళ మీద నడిచి పనులకు పోతున్నారు” అన్నది. కొంతసేపు ఊరకుండి, “పాఠాన్ని ఇట్లా చెప్పి ఉండవలసిందిరా” అన్నది. ఆ ఊరిలో ఎత్తైన గోపురాలు, చక్కని చిత్రాలు ఎన్నో చూసినాము. కాని ఆమె సముద్రం దాటి వచ్చిన పని నెరవేరినది ఆ ఖాళీ పూటలోనే. ఏ యాత్రా సంస్థవారి బస్సు అయినను ఆ గీత దగ్గర అంతసేపు ఆగి ఉండదు.

మా కళాశాల ఉర్దూ శాఖలోని మిత్రులు ఈ వృత్తాంతమంతా విని, తమ భాషలో ఒక సామెత చెప్పినారు. ‘సఫర్ వసీలా-ఎ-జఫర్’, అనగా ప్రయాణం విజయానికి సాధనమని. విజయమనగా ఎన్ని ఊళ్ళు గెలిచినామన్నది కాదని, పోయినవాడు తిరిగి వచ్చునప్పటికి ఏమి తెలుసుకొన్నాడన్నదేనని ఆయన వివరించినారు. అర్థం చెప్పుటలో ఉర్దూవారికి, తెలుగువారికి భేదం లేదని నాకు ఆనందం కలిగినది.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎందరో రేపు దూరదేశాలు వెళ్ళగలవారు. మీ తల్లిదండ్రులను తీసుకొని వెళ్ళు భాగ్యం కూడ మీకు కలుగవచ్చును. ఆనాడు వారి చేత ఊళ్ళ జాబితా కాక, కారణాల జాబితా వ్రాయించండి. రాత్రులు లెక్కించండి, క్యాలెండరు చూడండి, కాగితాలు ముందుగా సిద్ధం చేయండి. వారి కాళ్ళ శక్తిని మీ ఉత్సాహంతో కొలవకండి. ఊరికొక పూట ఖాళీగా ఉంచండి. దూరపు కొండలు నునుపు గనుక, చూడని ఊళ్ళు ఎప్పుడూ చూసినవాటి కంటె అందంగానే కనిపించును. అందుకు విచారపడవలసిన పని లేదు.

మా అక్కయ్య బీరువాలో బావగారు వ్రాసిన తొమ్మిది పేర్ల కాగితం ఇప్పటికీ ఉన్నది. మూడింటికి ఎదుట చిన్న గుర్తులు పెట్టినది. వెనిస్ పేరుపై గీసిన గీత ప్రక్కన, మార్కో పోలో గ్రంథానికి తెలుగు అనువాదం ఎక్కడ దొరకునో కనుగొనవలెనని నాకు ఒక పని వ్రాసి పెట్టినది. ఆ పుస్తకం కొరకు నేను వెదకుచున్నాను.